మొదటి రింగుకే

మొన్న మా ఆఫీసులో మళ్లీ స్వీట్లు పంచారు. బయటివాళ్లు చూస్తే ఎవరికో పిల్లాడు పుట్టాడనుకుంటారు. అదేం కాదు, రూపాయి ఇంకో మెట్టు కిందికి దిగింది. ఊళ్లకి డబ్బు పంపించే కంపెనీల్లో పనిచేసేవాళ్లకి దుబాయ్‌లో అంతకంటే పెద్ద పండగ లేదు. దిర్హానికి నాలుగు పైసలు ఎక్కువ వస్తున్నాయని తెలిస్తే చాలు, అల్ ఖూజ్ గోదాముల్లోంచీ వర్క్‌షాపుల్లోంచీ జనం వచ్చి మా కౌంటర్ల ముందు బారులు తీరతారు. టీ ఇచ్చే అతను డబ్బా తెచ్చి నా ముందు పెడితే "నాకొద్దు భయ్యా, తీసుకపో" అన్నాను. గొంతు అవసరానికి మించి లేచింది. పాపం, అతనేం చేశాడు? రూపాయి పడిన రోజు నాకు స్వీటు గొంతు దిగదు. అలా దిగకుండా చేసింది ఒక పెద్దమనిషి. పేరు రాయను. రాస్తే, "నా పేరెందుకమ్మా, నేనేవన్నా ఎలక్షన్లో నిలబడ్డానా?" అని విసుక్కునే రకం.

ఆయనది అమలాపురం దగ్గర. నాది జగిత్యాల దగ్గర పల్లె. కింద కౌంటర్లో కూర్చునే నన్ను పైఅంతస్తులో రూపాయలు కొనే గదిలోకి మార్చినప్పుడు, ఆ గదికి పెద్ద ఆయనే. నేను అడుగుపెట్టిన రోజున కూడా లడ్డూలు పంచుతున్నారు. ఆయన కుర్చీ తిప్పి, కళ్లజోడు మీంచి ఆ డబ్బా వంక చూసి, "ఎవరిదండీ పెళ్లి?" అన్నారు. రూపాయి పడిందని ఎవరో చెప్పారు.

"మన రూపాయి పడితే లడ్డూలు పంచుతారా? సిగ్గుండక్కర్లా?"

నాకు నోరు ఊరుకోదు కదా. "అది పడితేనే గద సార్ మనకు గిరాకి? గిరాకి ఉంటేనే గద జీతాలు?" అన్నాను.

"తెలుసమ్మా. జీతం తింటన్నాను కదా, మళ్లీ లడ్డూ కూడా తినాలా?"

అని బుగ్గన ఉన్న యాలక్కాయని కటుక్కున కొరికారు. ఎప్పుడూ బుగ్గన ఒక యాలక్కాయ ఉండేది. మార్కెట్ ప్రశాంతంగా ఉంటే అది బుగ్గలో అలా నానుతూ ఉండేది. రేటు తిరగబడితే కటుక్కుమనేది. వెనక కూర్చున్న నాకు స్క్రీన్ చూడకుండానే సంగతి తెలిసిపోయేది. ఫోన్లో ముదీర్, అంటే మా మేనేజరు, ఎంత గట్టిగా అరిచినా "ఆయ్... ఆయ్... అలాగేనండి" అని తలూపేవారు. ఆ 'ఆయ్' ముదీర్‌కి అర్థమయ్యేది కాదు. ఒప్పుకున్నాడనే అనుకునేవాడు.

మా పని చెప్పడం తేలిక, చేయడం గుండెదడ. దిర్హాం డాలరుకి కట్టేసిన దూడ, డాలరు ఎటు పోతే అటే. రూపాయిని మాత్రం ఎవరూ కట్టేయలేదు. పొద్దున్నే దిర్హానికి ఇన్ని రూపాయలని బోర్డు పెట్టి, వరసలో నిలబడ్డవాళ్ల దగ్గర దిర్హాములు తీసుకుంటాం. ఊళ్లో వాళ్ల ఇళ్లకి చేరాల్సిన రూపాయల్ని, ముంబై మార్కెట్ మూసేలోగా మేం బ్యాంకుల దగ్గర కొనాలి. రూపాయి పడుతున్న రోజున ఎంత ఆలస్యంగా కొంటే అంత చవక, ఆ తేడా కంపెనీకి లాభం. అయితే రూపాయి మరీ జారిపోతుంటే రిజర్వు బ్యాంకు చూస్తూ ఊరుకోదు. ప్రభుత్వ బ్యాంకుల చేత తన దగ్గరున్న డాలర్లు గుట్టుగా అమ్మిస్తుంది. డాలర్లు మార్కెట్లో గుమ్మరించగానే రూపాయి లేచి కూర్చుంటుంది. అప్పటిదాకా కొనకుండా ఆశపడ్డవాడి పని గోవిందా. పొద్దున చెప్పిన రేటు మార్చలేం కాబట్టి, ప్రియమైపోయిన రూపాయల్ని నష్టానికి కొనాల్సిందే. రిజర్వు బ్యాంకు ఎప్పుడొస్తుందో ముందు చెప్పదు, వచ్చాక కూడా వచ్చానని ఒప్పుకోదు.

ఆయన రిజర్వు బ్యాంకుని ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. 'పెద్దాయన' అనేవారు. పెద్దాయన వచ్చినట్టు తోస్తే బల్ల కింద షూస్ విప్పేసి, సాక్సులు కూడా లాగేసి, చల్లటి నేల మీద ఉత్త పాదాలు ఆనించి కూర్చునేవారు.

"ఇదేంది సార్, గుడి అనుకున్నరా ఇది?" అని నవ్వాను మొదటిసారి చూసినప్పుడు.

"మా కాలవ మీద లాకులుంటాయమ్మా. అవి నీళ్లు ఆపడానికి అనుకుంటారు అందరూ. కాదు. పడవని పై నీళ్లలోంచి కింది నీళ్లలోకి బోర్లా పడకుండా దింపడానికి. పెద్దాయన చేసేదీ అదే. పడవ ఎలాగూ దిగుద్ది. పడనివ్వడు, దింపుతాడు. ఆయన తలుపు తిప్పుతుంటే మనం బూట్లేసుకుని కూర్చుంటామా?"

"మరి పడవల ఉన్నోళ్లకు ముందుగాల చెప్పద్దా సార్, తలుపు ఎప్పుడు తిప్పుతరో?"

"చెబితే పడవలన్నీ తలుపు దగ్గరే లంగరేస్తాయి."

ఆ తలుపు తిరగడం ఆయనకి ఎలా తెలిసేదో నాకు అంతుబట్టేది కాదు. విద్య ఏదో ఉందనుకున్నాను. ఏ విద్యా లేదు. ముంబైలో ఒక స్నేహితుడున్నాడు, అంతే. ఇద్దరూ ఒకే రోజు బ్యాంకు ఉద్యోగంలో చేరి, రాజమండ్రిలో ఒకే గదిలో ఉండి, ఒకే మెస్సులో తిన్నవాళ్లు. ఈయన ఉద్యోగం వదిలేసి దుబాయ్ వచ్చారు. ఆ స్నేహితుడు అక్కడే పెరిగి, ముంబైలో ఆ ప్రభుత్వ బ్యాంకు డాలర్లు కొనీ అమ్మీ చేసే గదిలో కూర్చున్నాడు. పెద్దాయన అమ్మించే డాలర్లు ఆ గదిలోంచి కూడా వస్తాయి. దాని గురించి ఈయన ఒక్క ముక్క అడిగేవారు కాదు, ఆ స్నేహితుడు ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. "అడిగితే స్నేహం పోద్ది, చెబితే ఉద్యోగం పోద్ది" అనేవారు.

ఆ గదిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరట. టీ వేళకి స్నేహితుడు కిందికి దిగి, టీ బండి దగ్గర నిలబడి ఫోన్ చేతిలోకి తీసుకునేవాడు. సరిగ్గా ఆ వేళకే ఈయన ఫోన్ చేసేవారు. మోకాళ్ల నొప్పులు, ముంబైలో దొరకని పనసపొట్టు, చచ్చిపోయిన పాత మేనేజరు మీద ఇంకా చావని కోపం, ఇవే మాటలు. ఫోన్ ఎత్తాడా, మార్కెట్లో ఏమీ లేదు. ఎత్తలేదా, టీకి దిగలేదన్నమాట. టీకి కూడా దిగనంత పని ఉందంటే పెద్దాయన వచ్చాడన్నమాట. వెంటనే షూస్ బల్ల కిందికి పోయేవి, యాలక్కాయ కటుక్కుమనేది, మేం గబగబా కొనేసేవాళ్లం. కాసేపటికి రూపాయి లేచేది. ఎత్తని ఫోన్ మీద మా గది అంతా బతికిందంటే ఎవరు నమ్ముతారు?

కరోనా వచ్చాక మా గదిలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మనుషులు పోలేదు, ఉద్యోగాలు పోయాయి. అప్పట్లోనే ఒకరోజు ముదీర్ కొనకుండా ఆగమన్నాడు. నోటితో అన్నాడు. ఆగాం. పెద్దాయన వచ్చాడు, కంపెనీకి దెబ్బ తగిలింది. ముదీర్ నేనలా అనలేదన్నాడు. వార్నింగ్ కాగితం మాత్రం ఈయన పేరు మీద వచ్చింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఖలాస్ అని మొహం మీదే చెప్పాడు. ఈ దేశంలో ఖలాస్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. ఆయన వీసా పోతే, దానికి వేలాడుతున్న భార్య వీసా, కూతురి వీసా కూడా పోతాయి. ఆ పిల్ల షార్జాలో పన్నెండో తరగతి చదువుతోంది. మే నెలలో బోర్డు పరీక్షలు.

"మే దాటనీమ్మా, తర్వాత నన్ను సముద్రంలో పారేసినా ఫర్లేదు." ఆ చలికాలమంతా ఆయన నోట ఇదే మాట.

మే రాకముందే ఏప్రిల్ వచ్చింది. అది ఇరవై ఒకటో సంవత్సరం. రూపాయి రోజూ జారుతోంది. ఒక పొద్దున లేబర్ క్యాంపుల్లో జీతాలు పడ్డాయి. కిటికీలోంచి చూస్తే మాస్కులు కట్టుకున్న జనం, కింద అతికించిన పసుపు గుర్తుల మీద దూరందూరంగా నిలబడ్డారు, వరస టైర్ల షాపు దాటిపోయింది. వాళ్లందరి రూపాయలూ మేం కొనాలి. ముదీర్ స్వయంగా మా గాజు తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఆజ్ కుఛ్ నహీ ఖరీద్నా. ముంబై బంద్ హోనే తక్ రుకో."

మార్కెట్ మూసేముందు దాకా ఏమీ కొనొద్దట. ఈయన లేచి నిలబడి, ఆ మాట ఈమెయిల్లో పెట్టమని అడిగారు. ముదీర్ నవ్వి, భుజం మీద తట్టి వెళ్లిపోయాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఆగి, పెద్దాయన వస్తే నష్టం ఈయనది. మాట వినకుండా కొని, పెద్దాయన రాకపోతే ధిక్కారం ఈయనది. ఎటు తిరిగినా కత్తి ఈయన మెడ మీదే. రూపాయి పైసా పైసా దిగుతోంది. దిగిన ప్రతి పైసాకీ ముదీర్ చెప్పిందే రైటవుతోంది. ఏసీ గదిలో ఈయన మాస్కు చెమటకి తడిసి మూతికి అంటుకుపోయింది. మాటిమాటికీ గడియారం చూసుకున్నారు. టీ వేళయింది.

ఫోన్ చేశారు. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ చేశారు. నాకు కూడా వినిపిస్తోంది ఆ మోత. చివరిదాకా మోగి ఆగిపోయింది. మూడోసారి చేసి, ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి నా వైపు తిరిగారు. మాస్కు మీద కళ్లు మెరుస్తున్నాయి.

"ఎత్తట్లేదమ్మా! ఎత్తట్లేదు!"

షూస్ విప్పేశారు. కాలితో ఎంత జోరుగా తన్నారంటే ఒకటి నా కుర్చీ కిందికి వచ్చింది.

"సార్, ముదీర్ కొనద్దన్నడు గద" అన్నాను.

"ముదీర్ కూతురికి మేలో పరీక్షలు లేవు. కొను."

"ఎంత సార్?"

"మొత్తం కొనెయ్."

కొన్నాం. నేనో బ్యాంకు, ఆయనో బ్యాంకు, ఊపిరి తీసుకోకుండా కొన్నాం. ఆఖరిది కూడా అయ్యాక ఇద్దరం స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాం. రూపాయి కాసేపు కదలకుండా నిలబడింది. "చూడు, చూడు, వస్తన్నాడు" అన్నారు గుసగుసగా. నా కాళ్లు కూడా వాటంతటవే చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి. తర్వాత రూపాయి దిగింది. ఇంకాస్త దిగింది. యాలక్కాయ చప్పుడు లేదు. గాజు అవతల ముదీర్ తన స్క్రీన్ చూసుకుంటున్నాడు, మధ్యమధ్య మమ్మల్ని చూస్తున్నాడు. మేం కొన్న సంగతి అతనికి అప్పటికే తెలిసిపోయింది. అయినా లేవలేదు. ముంబై మూసేదాకా అలాగే కూర్చుని, మమ్మల్ని అలాగే కూర్చోబెట్టాడు. ముంబై మూసేశారు. పెద్దాయన రాలేదు.

అప్పుడు లేచి వచ్చాడు. "కిస్నే బోలా ఖరీద్నే కో?"

ఎవరు కొనమన్నారని. ఈయన ఉత్తకాళ్లతో నిలబడి, "కిసీనే నహీ బోలా సర్" అన్నారు. ఎవరూ చెప్పలేదు. అంతకంటే నిజం ఇంకోటి లేదు.

"ఖలాస్" అన్నాడు ముదీర్.

"ఆయ్" అన్నారు ఈయన.

ముదీర్ వెళ్లాక, వంగి రెండో షూ కోసం వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఆ స్నేహితుడి నంబరే. లాక్కుని, "ఏరా, కొంప ముంచేశావు కదరా!" అన్నారు. తిట్టులో కూడా ఎంత ప్రేమో. అవతల మాట్లాడింది స్నేహితుడు కాదు, వాళ్లబ్బాయి. ముందురోజు నుంచీ నాన్నకి ఊపిరి అందడం లేదని, ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి పొద్దున్నే బెడ్ దొరికిందని, ఫోన్ సంచిలో ఉండిపోయిందని, మిస్డ్ కాల్స్ ఇప్పుడే చూశానని ఆ అబ్బాయి చెప్పాడట. ముందురోజు ముంబై మార్కెట్‌కి సెలవు, ఫోన్ చేయలేదు. అంతకుముందు రోజు మాట్లాడినప్పుడు స్నేహితుడు దగ్గాడని, "ఏసీ పడట్లేదురా" అన్నాడని ఈయనే అప్పుడు నాకు చెప్పారు. ఆ కంగారులో అది మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఫోన్ పెట్టేసి, షూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఉద్యోగం పోయిన మనిషి. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి భార్యకి, ఆ పిల్లకి ఏం చెప్పాలో ఆలోచించాల్సిన మనిషి. ఆ మాటే ఎత్తలేదు.

"వాడక్కడ ఊపిరాడక కొట్టుకుంటన్నాడమ్మా. నేనిక్కడ ఎత్తట్లేదని సంబరపడ్డాను."

నేను ఏదో అన్నాను, మీకెట్ల తెలుస్తది సార్ అనో ఏదో. వినలేదు. "మూడుసార్లు మోగింది. మూడుసార్లూ సంబరపడ్డాను" అన్నారు. ఆ స్నేహితుడు ఆ వారం దాటలేదు.

ఇక ఆ పరీక్షల సంగతి. ఏ పరీక్షల కోసం ఆయన అంత అగ్గిలో దూకారో, ఆ పరీక్షలు ముందు వాయిదా పడ్డాయి, తర్వాత ఇండియా బోర్డు మొత్తానికే రద్దు చేసింది. "చూశావామ్మా, మా పిల్ల పరీక్ష రాయకుండానే పాసైపోయింది" అని ఫోన్లో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ రోజు క్యాంటీన్లో టీ చల్లగా ఉందని పోట్లాడాను. ఎండాకాలంలోనే వాళ్లు ముగ్గురూ ఊరికి వెళ్లిపోయారు.

ఆయన కుర్చీ నాకిచ్చారు. వద్దనలేదు, నా వీసా కూడా ఆ కుర్చీకే వేలాడుతోంది. ఈయన వెళ్లిన కొన్నాళ్లకి ఒక పొద్దున రూపాయి ఉన్నట్టుండి లేచింది. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. అవతల రింగు పూర్తిగా మోగనైనా లేదు.

"ఉన్నానమ్మా" అన్నారు.

హలో లేదు, ఎవరని లేదు. "వచ్చిండు సార్" అన్నాను.

"ఇప్పుడా" అన్నారు. తర్వాత, "వాడుంటే ఇవాళ టీకి దిగేవాడు కాదు" అన్నారు.

అప్పటి నుంచి అదే అలవాటైంది. పెద్దాయన వచ్చినప్పుడల్లా, ముందు కొనాల్సింది కొనేసి ఆయనకి ఫోన్ చేసేదాన్ని. ఎప్పుడు చేసినా మొదటి రింగుకే ఎత్తేవారు, ఎత్తగానే "ఉన్నాను" అనేవారు. ఒకసారి స్నానం మధ్యలో ఎత్తారు, వెనక నుంచి వాళ్లావిడ తిట్లు. ఒకసారి మంగలి కుర్చీలో. క్రెడిట్ కార్డు కావాలా అని చేసే పిల్లలకి కూడా మొదటి రింగుకే "ఉన్నానండి" అనేవారట. వాళ్లు బెదిరిపోయి పెట్టేసేవారని ఆయన కూతురు నాతో చెప్పి నవ్వేది.

"ఏంది సార్ ఈ పిచ్చి? తడిచేతులతోటి ఫోన్ పట్టుకుంటే కరెంట్ కొడతది" అని కసిరాను.

"మోగుతా ఉంటే అవతలోడు ఏవనుకుంటాడో ఎవడికి తెలుసమ్మా? ఎత్తి ఉన్నానని చెప్పేస్తే గొడవుండదు."

"ఎత్తలేనప్పుడు?"

"ఎత్తలేనప్పుడు ఎవరో ఒకరు ఎత్తాలి. మా ఇంట్లో చెప్పాను."

మొన్న స్వీటు డబ్బా వెనక్కి పంపిన రోజున రూపాయి ఇంకా ఇంకా జారుతోంది. ముదీర్ ఇప్పటికీ ఆ ముదీరే. ఆగమనే అన్నాడు, ఈమెయిల్ అడిగితే ఇప్పటికీ ఆ నవ్వే. నేను సగం కొని సగం ఆపి, పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ముంబైలో నాకెవరూ లేరు, టీ వేళ ఫోన్లు లేవు. ఉన్నట్టుండి రూపాయి ఆగింది. ఒక్క గెంతు గెంతింది. చెప్పులు విదిలించేసి మిగతా సగం కొనేశాను. ఫోన్ తీసి నంబరు నొక్కాను. మొదటి రింగుకే ఎత్తారు.

"వచ్చిండు సార్! చెప్పులు గూడ ఇడిచేసిన!"

అవతల ఎవరెవరో మనుషుల అలికిడి వినిపించింది.

"అక్కా, నేను" అంది ఆయన కూతురు. "నాన్న పొద్దున్నే పోయారక్కా. నిద్దట్లోనే."

స్క్రీన్ మీద రూపాయి ఇంకా లేస్తోంది. గాజు అవతల నిలబడి ముదీర్, కొన్నావా అని బొటనవేలు ఎత్తి అడుగుతున్నాడు.

"ఫోన్ నా చేతిలోనే పెట్టుకున్నానక్కా" అంది ఆ పిల్ల. "మోగనివ్వద్దు, ఎత్తెయ్యమనేవారు కదా. పొద్దుట్నుంచీ అందరికీ మొదటి రింగుకే ఎత్తుతున్నాను."

కుర్చీ తిప్పి గాజుకి వీపు పెట్టాను. ముదీర్ వేలితో గాజు మీద కొడుతున్నాడు.

"అక్కా, లైన్లో ఉన్నారా?"

"ఉన్ననమ్మా" అన్నాను.